దుబాయ్ నుంచి కూడా బాపును చూసుకోవచ్చు

కొడిమ్యాలలో ఓ ఇల్లు అనుకోండి. కోడలు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మామ అన్నం తిని గంట కాలేదు. అరుగు మీదికొచ్చి, "పొద్దటిసంది నాకు బువ్వ పెట్టలేదు" అని పక్కింటివాళ్లతో చెప్తున్నాడు. "ఇప్పుడే తింటివి గద మామా!" అని ఆమె గొంతు పెంచింది. ఆయన అలిగి బజారు పట్టాడు. ఆమె చాట పక్కన పెట్టి వెంట పరుగెత్తింది. ఆ పూట కూలి పోయింది. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. పైసలు పంపడం తప్ప ఏమీ చేయలేకపోతున్నానని అతని బాధ.

అతను చేయగలిగింది చాలా ఉంది.

ముందు పరీక్ష చేయించండి. రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా మతి తగ్గితే డాక్టర్లు డిమెన్షియా అంటారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా ఇది ఉందని అంచనా. పట్నాల కంటే పల్లెల్లోనే ఎక్కువ. బీ12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ సమస్య ఉన్నా, మనసు కుంగినా మతిమరుపు రావచ్చు. వీటికి మందులున్నాయి. రెండు మూడు రోజుల్లోనే మనిషి మారిపోయినా, కిందపడి తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొండగట్టు అంజన్నకు మొక్కుకోండి, డాక్టరుకూ చూపించండి.

ఆ తర్వాత చూసుకునేవాళ్లు నేర్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కోసమే ఐ-సపోర్ట్ అనే ఆన్‌లైన్ శిక్షణ తయారు చేసింది. అందులో ఐదు భాగాలు, 23 చిన్న పాఠాలు. జబ్బు అంటే ఏమిటి, స్నానం, తిండి ఎలా, కోపం, అనుమానం వచ్చినప్పుడు ఏం చేయాలి, చూసుకునే మనిషి తనను తాను ఎలా కాపాడుకోవాలి అన్నవన్నీ ఉన్నాయి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీన్ని మన దేశానికి తగ్గట్టు మలిచింది. ఈ పాఠాల ఇంగ్లిష్ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది.

ఇంగ్లిష్ చదివే తీరిక కోడలికి లేదు. ఆ పని కొడుకు తీసుకోవాలి. వారానికి ఒక పాఠం చదివి, మన మాటల్లో ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాలి. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవకపోయినా వాయిస్ మెసేజ్ పోతుంది. బీడీలు చుట్టేటప్పుడు చేతులకే పని, చెవులు ఖాళీ. సిరిసిల్లలో సాంచెల మీద పనిచేసేవాళ్లకు ఆ మోతలో వినబడదు, ఇంటికొచ్చాక వినాలి.

ఒక్కో వారం ఒక్క మార్పే చేయండి. బువ్వ పెట్టలేదన్నప్పుడు వాదించకుండా "ఆకలైతుందా మామా, చాయ్ తాగుదాం రా" అనండి. ఆయనకు తిన్న సంగతి నిజంగానే గుర్తులేదు. మీరు ఎన్ని రుజువులు చూపినా ఆయనకు అవమానమే మిగులుతుంది. అలిగి బజారు పట్టినా ఇబ్బంది లేకుండా ఆయన జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన కార్డు పెట్టండి.

పని వేళలు సర్దుకోండి. ఈ జబ్బున్న చాలామందికి పొద్దుగూకే వేళ చికాకు ఎక్కువవుతుంది. ఎక్కువ బీడీలు పొద్దున్నే చుట్టేసుకుంటే సాయంత్రం ఆయన దగ్గర ఉండొచ్చు. కార్ఖానాలోనో ఆఫీసులోనో పనిచేస్తుంటే సంగతి యజమానికి ముందే చెప్పండి. హఠాత్తుగా సెలవడిగే రోజు మాట దక్కుతుంది. నెల జీతం తీసుకునేవాళ్లు పాత పన్ను విధానంలో ఉంటే, చికిత్స ఖర్చుకు పన్ను మినహాయింపు వర్తిస్తుందేమో ఆడిటర్‌ను అడగండి.

కొడుకు రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేయాలి. "నన్ను గుర్తుపట్టినవా?" అని పరీక్ష పెట్టొద్దు. పాత ఎడ్ల సంగతో, బావి సంగతో తీస్తే ఆయనే మాట్లాడతాడు. సెలవు మీద ఊరికొచ్చినప్పుడు కనీసం నాలుగు రోజులు బాపును తానే చూసుకుని, భార్యను తల్లిగారింటికి పంపాలి.

చేతకాక ఏడుపొచ్చిన రాత్రి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్. అందులో ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పెద్దల సహాయం కోసం పగలు 14567 ఉంది.

దుబాయ్‌లో ఉన్న తమ్ముడా, మొదటి మెసేజ్ ఈ రాత్రే పెట్టు. అందులో పాఠమేమీ వద్దు. "బాపు సంగతి తర్వాత, ముందు నువ్వెట్లున్నవ్?" అని ఆమెను అడుగు.