మేనకోడలికి, అమలాపురం వచ్చే ముందు



అమ్మలూ, అమలాపురం గొడవల మీద పరిశోధన చేస్తానన్నావు, సంతోషం. 2022 మే 24తో మొదలుపెడతానన్నావే, అది మాత్రం వద్దు. ఆ రోజు ఏం తగలబడిందో పేపర్లన్నిట్లో ఉంది. అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇల్లు, అప్పటి ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ గారి ఇల్లు, బస్సులు. ఒకరు ఎస్సీ, ఒకరు బీసీ, ఇద్దరిదీ అప్పటి అధికార పార్టీయే. ఫలానా కులానికీ ఫలానా కులానికీ తగువని ముందే రాసుకుని వస్తే మొదటి రోజే కొట్టేసుకోవాల్సి వస్తుంది.

ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా పుట్టింది. అంబేడ్కర్ పేరు కావాలని కొందరు, కోనసీమ చాలని కొందరు. మే 18న ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు రాసిమ్మని 30 రోజులు గడువు పెట్టారు. వారం తిరక్కుండానే గడియార స్తంభం దగ్గర జనం పోగయ్యారు. నువ్వు తవ్వాల్సింది అక్కడ. ఆ వారంలో ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, చేయాల్సిన వాళ్లు ఎందుకు ఊరుకున్నారు? తర్వాత ఇంటర్నెట్ కూడా తీసేశారు. పుకారు ఆగిందేమో గానీ, అది అబద్ధమని చెప్పే దారీ మూసుకుపోయింది.

శాంతి కమిటీల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆఫీసర్లు పిలిస్తే వచ్చేది ఎప్పుడూ మాట్లాడుకునే పెద్దలే. వాట్సాప్‌లో ఊగిపోయే ఇరవై ఏళ్ల కుర్రాడు రాడు. అంతకన్నా అంబాజీపేట వైపు కొబ్బరి తోటల్లో దింపు జరిగే రోజు కూర్చో. తోట ఒకరిది, చెట్టెక్కేది ఇంకొకరు, ఒలిచేది మరొకరు, కొనే వ్యాపారి వేరే. గొడవైనా కాయ ఆగదు. మళ్లీ దింపు వచ్చేసరికి వీళ్లు మాట్లాడుకోక తప్పదు. ముందు ఎవరు నోరు విప్పారు, కూలి బేరమాడారా లేక అడిగినంతా ఇచ్చేశారా, అది చూడు. ఏ నివేదికలోనూ లేని రాజీ అక్కడ దొరుకుతుంది.

2023 మార్చిలో ఇక్కడి సామాజిక వర్గాల పెద్దలు ముఖ్యమంత్రిని కలిశాక ఆ గొడవల కేసులు ఎత్తేయాలని నిర్ణయించారు. కుర్రాళ్ల చదువులు, ఉద్యోగాల సంగతి చూస్తే మంచిదే. కానీ నష్టపోయిన వాళ్లను ఎవరు అడిగారు, ఏమని అడిగారు? అడిగి చూడు.

మరాఠ్వాడా విశ్వవిద్యాలయం కథ కూడా చదువు. 1978లో అంబేడ్కర్ పేరు పెట్టాలని తీర్మానిస్తే దళితవాడలు తగలబడ్డాయి. 1994లో గానీ ఆయన పేరూ, మరాఠ్వాడా పేరూ కలిపి పెట్టడం కుదర్లేదు. మన దగ్గర అంబేడ్కర్, కోనసీమ పేర్ల జోడింపుకి గొడవైన నెల రోజుల్లోనే, 2022 జూన్ 24న, మంత్రివర్గం ఆమోదం ఇచ్చేసింది. త్వరగా తేల్చినందుకు మంచి జరిగిందో, మాటలు లోపలే మిగిలాయో నువ్వే తేల్చు. నాకైతే రెండోదే అనిపిస్తుంది.

నోట్‌బుక్కులో పేర్లు రాయకు. ఒకవైపు మాట రెండో వైపుకి చెప్పమంటే, అన్నది అన్నట్టు చెప్పగలిగితేనే ఒప్పుకో. ఎవరింట్లో టీ తాగావో నువ్వు పక్క వీధికి చేరేలోపే తెలిసిపోతుంది, అందుకని అందరిళ్లలోనూ తాగు.

ఇంకో సంగతి, కొత్తపేటలో మా ఇంట్లో దిగొద్దు. ఇక్కడ దిగితే నీకొచ్చే జవాబులన్నీ మన వీధిని చూసే వస్తాయి. అమలాపురంలోనే లాడ్జి తీసుకో. మీ అత్తయ్యకి కోపం వస్తుంది, నేను సర్దిచెప్పుకుంటాను.

మీ మావయ్య