సొంత బండి కొనాలా, కిరాయి బండి చాలునా?

సభ్య సంఘాల పాలకవర్గాలకు, పాల ఉత్పత్తిదారులకు ఒక లెక్కల పాఠం

మఠంపల్లి మండలంలోని ఒక సంఘం సమావేశానికి మేము హాజరైనప్పుడు, ఎజెండాలోని విషయాలన్నీ ముగిసిన తరువాత ఒక యువ సభ్యుడు లేచి తన సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. లావు టైర్ల చిన్న బండి. ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. వెనుక తొట్టిలో గడ్డి, దానా బస్తాలు, కంచె కర్రలు వేసుకుంటారు. బురదలోనూ, గట్లమీదా పోతుంది. "సార్, ఇటువంటిది ఒకటి ఉంటే బర్రెల పని సగం తగ్గదా? సంఘం పేర కొన్నా సరే" అని అడిగాడు. వెనుక వరుసలోని పెద్దమనిషి ఒకరు "ముందు దానికి మేత ఎవరు వేస్తారో అడుగు బిడ్డా" అన్నారు. అందరూ నవ్వారు. కాని ఆ రెండు మాటలూ ఆలోచించదగినవే. ఈ ప్రశ్న ఇతర సంఘాలలో కూడా వినవస్తున్నందున దీనిని పాఠంగా తీసుకుంటున్నాము.

ఆ బండి ఎక్కడిది?

అటువంటి బండ్లు అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలోని పెద్ద కమతాలలో ఎక్కువ. కవాసాకి వారి ‘మ్యూల్’ 1988లోనూ, పొలారిస్ వారి ‘రేంజర్’ 1998లోనూ వచ్చాయి. మ్యూల్ అంటే కంచర గాడిద. పేరులోనే దాని పని ఉన్నది. అక్కడ ఒక్కొక్క రైతుకు వందల ఎకరాలు ఒకే చెక్కగా ఉంటాయి. ఇల్లు, కొట్టం, పచ్చిక అన్నీ ఆ కంచెలోపలే. రోడ్డు ఎక్కకుండానే రోజంతా తిరగవచ్చు.

మన పరిస్థితి వేరు. మఠంపల్లి ప్రాంతంలో సాగర్ ఎడమ కాలువ కింద వరి, పైచెలకలలో మిరప, పత్తి. ఒకే ఇంటివారికి కాలువ కింద ఒక ఎకరం, ఊరి అవతల రెండెకరాలు ఉంటాయి. ఇంటినుండి పొలానికి, పొలం నుండి పాల కేంద్రానికి పోవాలంటే సిమెంటు లారీలు తిరిగే రోడ్డు ఎక్కక తప్పదు. రోడ్డు ఎక్కే బండికి రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. పొలంలో తిరగడానికే చేసిన బండి కొనదలచినవారు ముందుగా అమ్మేవారిని "ఇది మన రవాణా శాఖలో రిజిస్టరు అవుతుందా?" అని అడిగి, సమాధానం కాగితం మీద తీసుకోవాలి. మాటమీద కొనరాదు.

కాబట్టి మనకు వాస్తవమైన ప్రశ్న ఆ విదేశీ బండి గురించి కాదు. మన రోడ్లమీద ఇప్పటికే తిరుగుతున్న ట్రాలీ ఆటో, 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్న సరుకు బండి సొంతంగా ఉండటం లాభమా, కాదా అన్నదే ప్రశ్న.

నిలబడిన బండి కూడా తింటుంది

బండి ఖర్చు రెండు రకాలు. చక్రం తిరిగితే అయ్యే ఖర్చు ఒకటి: డీజిలు, టైర్లు, సర్వీసు. చక్రం తిరగకపోయినా అయ్యే ఖర్చు రెండవది: తరుగుదల, వడ్డీ, బీమా, ఫిట్‌నెస్, డ్రైవరు జీతం. మొదటిది కంటికి కనిపిస్తుంది గనుక అందరూ లెక్క వేస్తారు. రెండవది కనిపించదు గనుక మరచిపోతారు. సంఘాలు దెబ్బ తినేది ఇక్కడే.

లెక్క సులభంగా తెలియడానికి గుండు అంకెలు తీసుకుందాము. ఇవి ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

బండి ధర రూ. 6,00,000 అనుకుందాము. 8 సంవత్సరాల తరువాత రూ. 1,20,000కు అమ్ముడుపోతుందనుకుంటే తరుగుదల సంవత్సరానికి రూ. 60,000. సగటున రూ. 3,60,000 బండిలో ఇరుక్కుని ఉంటుంది. దానిపై నూటికి 10 చొప్పున వడ్డీ రూ. 36,000. సొంత డబ్బు పెట్టినా ఈ వడ్డీ వేయాలి, ఎందుకంటే ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వడ్డీ వచ్చేది. బీమా, ఫిట్‌నెస్ వగైరా రూ. 30,000. మొత్తం రూ. 1,26,000. నెలకు రూ. 12,000 జీతంతో డ్రైవరును పెడితే మరో రూ. 1,44,000. అనగా సంవత్సరానికి రూ. 2,70,000, రోజుకు రూ. 740. బండి చెట్టుకింద నిలబడినా ఈ ఖర్చు తప్పదు.

నాలుగు గేదెల రైతుకు

ముందు ఒక సభ్యుని సంగతి చూద్దాము. నాలుగు పాడి గేదెలు ఉన్నాయి. బండి తానే నడుపుకుంటాడు, డ్రైవరు లేడు. అతనికి బండి నిజంగా ఎన్ని రోజులు కావాలి? పెంట తోలడానికి 5 రోజులు, వరిగడ్డి తేవడానికి 4 రోజులు, దానా బస్తాలకు నెలకొకసారి 12 రోజులు, దూడలు, ఇతర అవసరాలకు 4 రోజులు. మొత్తం 25 రోజులు. రూ. 1,26,000ను 25తో భాగిస్తే రోజుకు రూ. 5,040. డీజిలు వేరు. ట్రాలీ ఆటో కిరాయి రోజుకు రూ. 1,500 అనుకున్నా సంవత్సరానికి రూ. 37,500తో పని తీరిపోతుంది.

రూ. 4,50,000 అప్పుతో కొంటే, నూటికి 10 వడ్డీతో 5 సంవత్సరాలపాటు నెలకు సుమారు రూ. 9,560 కిస్తీ కట్టాలి. గేదె ఈనిన కొన్ని నెలలకు వట్టిపోతుంది. కిస్తీ వట్టిపోదు. కిస్తీ కోసం చూడి గేదెను అమ్ముకున్న రైతుకు బండి మిగులుతుంది, పాడి మిగలదు.

"మరి రోజూ పచ్చిమేత తేవాలి గదా?" అని అడుగుతారు. ఒక పాడి గేదెకు రోజుకు 25 నుండి 30 కిలోల పచ్చిమేత కావాలి. నాలుగింటికి 120 కిలోల వరకు. దీనికి బండికంటే మంచి ఉపాయం దూరం తగ్గించడం. దూరపు చెక్కలో మిరప వేసి, కొట్టం పక్కనున్న పది గుంటలలో నేపియర్ గడ్డి నాటండి. మొక్కజొన్న సమృద్ధిగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు ట్రాక్టరు కిరాయికి తీసుకుని, చేను కోసి ముక్కలుచేసి, గాలి చొరకుండా తొక్కి పాతర వేయండి. రోజూ మోయవలసిన మేత ఒకేసారి కొట్టం దగ్గరకు చేరుతుంది, వేసవిలో కూడా పాలు తగ్గవు. ఆ తరువాత మిగిలిన చిన్న మోతలకు మోపెడ్ చాలు.

సంఘానికి బండి: ఎప్పుడు లాభం?

ఇప్పుడు సంఘం సంగతి. రూటు బండి ఊరి దాకా వచ్చే సంఘానికి ఈ ప్రశ్నే లేదు. రూటుకు దూరంగా ఉన్న తండాలు, పల్లెలకే ఇబ్బంది. పిండిన పాలు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. మూడు నాలుగు గంటలలోగా శీతలీకరణ కేంద్రం చేరి 4 డిగ్రీలకు చల్లబడకపోతే సూక్ష్మజీవులు పెరిగిపోతాయి. మన ఎండాకాలంలో వాటికి ఇంకా వేగం. కేంద్రంలో కాచి చూసినప్పుడు విరిగితే రైతు కష్టమంతా నేలపాలు.

ఒక సంఘం రోజుకు 300 లీటర్లు సేకరిస్తుందనుకుందాము. కేంద్రం 12 కిలోమీటర్లు. రెండు పూటలా పోయిరావడానికి 48 కిలోమీటర్లు. కిలోమీటరుకు రూ. 9 చొప్పున రూ. 432. నిలబడిన ఖర్చు రూ. 740 కలిపితే రోజుకు రూ. 1,172. లీటరుకు రూ. 3.91. అదే పనికి కిరాయి బండి రోజుకు రూ. 900 అడిగితే లీటరుకు రూ. 3. సొంత బండి రోజుకు రూ. 272, సంవత్సరానికి సుమారు రూ. 99,000 ఎక్కువ తింటున్నది.

కారణం చూడండి. ఒక పూట పాలు 150 లీటర్లు, అనగా నాలుగు క్యాన్లు. 40 లీటర్ల క్యాను నిండుగా ఉంటే సుమారు 50 కిలోలు. నాలుగు కలిపి 200 కిలోలు. 750 కిలోలు మోయగల బండి మూడువంతులు ఖాళీగా పోయి వస్తున్నది. మనం పాలకంటే గాలినే ఎక్కువ మోస్తున్నాము.

అయితే కిరాయి బండి వేళకు రాకపోతే? ఒక పూట 150 లీటర్లు, లీటరు రూ. 45 చొప్పున రూ. 6,750. ఒక పూట పాలు పూర్తిగా పోయాయనుకుంటే, సంవత్సరంలో 15 పూటలు అలా పోయేసరికి రూ. 1,01,250 నష్టం. పైన చెప్పిన రూ. 99,000 తేడా అక్కడితో తీరిపోతుంది. కాబట్టి ఈ సంఘానికి సూత్రం ఇది: బండి ఆలస్యంవల్ల సంవత్సరంలో 15 పూటలకంటే ఎక్కువ పాలు పోతుంటే సొంత బండి గురించి ఆలోచించవచ్చు. తక్కువైతే కిరాయే మేలు. విరిగిన పాలకు కొంత ధర వస్తుంటే పోయిన తేడా మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

ఇందుకు ఒక చిన్న పుస్తకం చాలు. రోజూ రెండు పూటలా బండి వచ్చిన వేళ, కేంద్రం చేరిన వేళ, విరిగిన లీటర్లు కార్యదర్శి రాయాలి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం రాసిన తరువాతే బండి మాట ఎత్తాలి. ఈ పుస్తకం చేతిలో ఉంటే కిరాయి ఒప్పందంలో ఆలస్యానికి కోత పెట్టమని బండి యజమానిని గట్టిగా అడగవచ్చు. ఆ కోతతోనే సగం ఇబ్బంది తీరవచ్చు.

మూడు సంఘాలు కలిస్తే

అదే దారిలో ఉన్న మూడు సంఘాలు కలిసి 900 లీటర్లు పంపితే పూటకు సుమారు 12 క్యాన్లు, 600 కిలోలు. ఒకే బండిలో సరిపోతాయి. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగినా ఖర్చు రూ. 540, రూ. 740 కలిపి రూ. 1,280. లీటరుకు రూ. 1.42 మాత్రమే. ముగ్గురూ కలిసి కిరాయి బండి రూ. 1,100కు మాట్లాడుకుంటే రూ. 1.22. సొంతమా, కిరాయా అన్నదానికంటే ఒంటరిగానా, కలిసా అన్నదే పెద్ద తేడా అని ఈ అంకెలు చెబుతున్నాయి. సహకారం అన్న మాటకు అర్థం కూడా అదే గదా!

మేము చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరాల క్రితం ఒక సంఘం బండి కొనడానికి అంచనా తయారుచేసి మాకు చూపించింది. అందులో ధర ఉన్నది, డీజిలు ఉన్నది. డ్రైవరు జీతం లేదు, తరుగుదల లేదు. ఉత్సాహంగా ఉన్నారు గదా అని మేము అభ్యంతరం రాయలేదు. మొదటి సంవత్సరం బాగానే నడిచింది. రెండవ సంవత్సరం డ్రైవరు మానివేశాడు. పాలకవర్గ సభ్యుని ఇంటివారు నడిపారు. లాగ్ బుక్కు పేజీలు తెల్లగా ఉండిపోయాయి. పెళ్ళిళ్ళకు, తీర్థాలకు బండి పోయింది. కిరాయి ఎవరూ జమ చేయలేదు. మూడవ సంవత్సరం బోనసు లేదు.

మహాజన సభలో ఒక వృద్ధురాలు, ఒకే గేదె ఉన్న సభ్యురాలు, మమ్మల్ని అడిగింది: "నా బర్రె పాలు తగ్గలేదు గదా సారూ, బోనసు ఎందుకు తగ్గింది?" ఆమె ఆ బండి ఎన్నడూ ఎక్కలేదు. అయినా దాని ఖర్చు ఆమె పాలనుండే పోయింది. ఆనాడు మా దగ్గర సమాధానం లేదు. ఈ పాఠం రాయడానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణం.

కొంటే పాటించవలసినవి

లెక్క కుదిరి కొనదలచుకున్న సంఘం ముందుగా తన నియమావళి చూసుకోవాలి. సంఘం 1964 చట్టం కింద ఉన్నా, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, ఇంత ఖర్చుకు సభ్యులందరి ముందు లెక్క పెట్టి తీర్మానం చేయించడమే సరైన పద్ధతి. బండి సంఘం పేరుననే రిజిస్టరు కావాలి. తరుగుదల మొత్తాన్ని ఏటా వేరే ఖాతాలో వేయాలి. లాగ్ బుక్కు రోజూ రాయాలి. సొంతానికి వాడుకున్నవారు, అధ్యక్షులైనా సరే, కిరాయి కట్టి రశీదు తీసుకోవాలి.

మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అవసరం లేదు. కాని రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, బీమా, తగిన లైసెన్సు తప్పనిసరి.

సరుకు బండిలో మనుషులను ఎక్కించరాదు. ఈ మాట మరీ మరీ చెబుతున్నాము. పాలు దించి వచ్చే బండి ఖాళీయే గదా అని నాట్లకు, మిరప కోతలకు కూలీలను ఎక్కించడం మన వైపు అలవాటు. 2018 ఏప్రిల్‌లో పీఏపల్లి మండలంలోనూ, జూన్‌లో వలిగొండ మండలంలోనూ పనికి పోతున్న ఆడకూలీలు ట్రాక్టరు ట్రాలీతోసహా కాలువలో పడి ప్రాణాలు కోల్పోయారు. మఠంపల్లి దారులు కూడా కాలువ గట్లమీదివే. సరుకు కోసం చేసిన బీమా ఆ కుటుంబాలను ఆదుకుంటుందన్న నమ్మకం పెట్టుకోరాదు.

సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. గత సంవత్సరం బండి ఆలస్యంవల్ల ఎన్ని పూటల పాలు పోయాయి? రాసిన పుస్తకం ఉన్నదా?
2. మన దారిలో ఉన్న ఇతర సంఘాలతో కలిసి ఒకే బండి పెట్టుకోగలమా?
3. బండి నిలబడినా రోజుకు ఎంత ఖర్చు? లీటరుకు ఎంత పడుతుంది?
4. డ్రైవరు మానివేస్తే మరునాడు పాలు ఎవరు తీసుకుపోతారు?
5. ఒకే గేదె ఉన్న సభ్యురాలికి ఈ బండివల్ల కలిగే మేలు ఏమిటి?

ముందు దూరం తగ్గించండి. తరువాత కలిసి మోయండి. తరువాత మంచి ఒప్పందంతో కిరాయికి తీసుకోండి. ఈ మూడూ చాలకపోతేనే సొంత బండి. అప్పుడైనా అయిదవ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే తీర్మానం మీద సంతకం చేయవలసిందిగా పాలకవర్గాలను కోరుతున్నాము.