మామిడిపూతకు మంచుదెబ్బ

మార్గశిర పుష్యమాసములయందు మామిడితోటలు పూతకు వచ్చును. పూత మాడి రాలిపోయినప్పుడు “ఈయేడు మంచుదెబ్బ తగిలినది” అని రైతులు నిట్టూర్చి యూరకుందురు. మంచు దైవాధీనము గదా, మనమేమి చేయగలమని వారి తలంపు. కాని కోట ప్రాంతమున నీ నష్టములో పెద్దభాగము మంచువలన గాక, మంచుకాలముతో గూడి వచ్చు పురుగువలనను తెగుళ్లవలనను గలుగుచున్నది. వీనికి ప్రతిక్రియలు గలవు. కావున శత్రువు నెట్లు గుర్తింపవలెనో, పూత నెట్లు కాపాడుకొనవలెనో యీ పాఠమున వివరించుచున్నాము.

1. మంచు రెండు విధములు

మనము మంచు అను నొక్కమాటతోనే రెండు వేర్వేరు సంగతులను చెప్పుచున్నాము. మొదటిది గడ్డకట్టు మంచు. ఆకాశము నిర్మలమై గాలి లేని రాత్రులందు నేల తన వేడిమిని కోల్పోయి, ఆకులమీది తేమ గడ్డకట్టును. అప్పుడు ఆకులోని రసము సైతము గడ్డకట్టి లేతమొక్కలు మాడిపోవును. పంజాబు మొదలగు ఉత్తరదేశములలో నిట్లు జరుగును. అచ్చటివారు చిన్నమొక్కలకు గడ్డితో గుడిసెలవలె కప్పు వేసి, ఎండ సోకుటకు ఆగ్నేయదిశను తెరచియుంచి, చలి హెచ్చగు రాత్రులందు నీరు పెట్టుదురు.

రెండవది నీటిమంచు. మన కోటకు సముద్రము చేరువ. సముద్రజలము వేడిమిని నిలుపుకొనుటచే నిచ్చట రాత్రి చలి గడ్డకట్టునంతటి స్థితికి రాదు. మనకు పడునది తేమమాత్రమే. ఇది పూతను గడ్డకట్టించి చంపజాలదు. కాని ఉదయమున చాలసేపు పూతను తడిపియుంచి తెగులునకు తావిచ్చును. పుప్పొడిని చేరవేయు ఈగలను, తేనెటీగలను తిరుగనీయదు.

2. శత్రువులు మూడు

మొదటిది తేనెమంచు పురుగు. దీని పేరులోనే మంచు ఉండుటచే భ్రాంతి మరింత హెచ్చినది. ఇది చీలవలె నొకవైపు సన్నగిల్లిన చిన్నపురుగు. పూతలేని కాలమున బెరడు పగుళ్లలో దాగి, పూమొగ్గ వచ్చినతోడనే పూకాడలలో గ్రుడ్లుపెట్టును. పిల్లలును పెద్దలును రసము పీల్చి తేనెవంటి జిగటను విసర్జించును. ఆ జిగటమీద నల్లని మసి పెరుగును.

రెండవది బూడిద తెగులు. రాత్రి చల్లగాను పగలు పొడిగాను ఉన్నప్పుడు గాలివెంట వ్యాపించును. మూడవది పక్షికన్ను తెగులు. మంచుతడి, వాన దీనికి మిక్కిలి యనుకూలము.

3. గుర్తించుట

ఉదయముననే తోటలోనికి పోయి యీ పరీక్షలు చేయుడు. కొమ్మను తట్టగా చిటపటమని పురుగులు ఎగిరినను, ఆకులు చేతికి జిగటగా తగిలినను అది తేనెమంచు పురుగు. పూగుత్తిమీద తెల్లనిపొడి యుండి వ్రేలికి అంటినచో బూడిద తెగులు. పూలమీదను కాడలమీదను నల్లమచ్చలున్నచో పక్షికన్ను తెగులు. ఇవేవియు లేక కొన్నిపూలు రాలినచో భయపడనక్కరలేదు. ఒక గుత్తిలో వందలకొలది పూలుండును. వానిలో పెక్కు మగపూలే. కడకు నిలుచు కాయలు కొన్నియే.

4. చేయవలసిన పనులు

కోతలు ముగిసినతోడనే ఎండుకొమ్మలను, చెట్టునడుమ దట్టముగా నల్లుకొన్న కొమ్మలను నరికి, వెలుతురు చొరనీయవలెను. చీకటితోట పురుగునకు పుట్టినిల్లు. ఈశాన్యవర్షముల నీరు చెట్లక్రింద నిలువకుండ కాలువలు తీయవలెను.

పూమొగ్గ కనబడినప్పుడు, పూలు విచ్చకముందే, మొదటిసారి మందు చల్లవలెను. బూడిద తెగులునకు నీటిలో కరగు గంధకము లీటరునకు 3 గ్రాములు. పురుగు కొద్దిగా నున్నచో వేపగింజల కషాయము చాలును: 5 కిలోల పప్పును దంచి రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బుకలిపి 100 లీటర్లు చేయవలెను. హెచ్చుగా నున్నచో ఇమిడాక్లోప్రిడ్ లీటరునకు 0.3 మిల్లీలీటరు. పక్షికన్ను తెగులునకు కార్బెండజిమ్ లీటరునకు 1 గ్రాము. పిందెలు బఠాణీగింజలంత అయినప్పుడు, అవసరమైనచో, రెండవసారి. బెరడు పగుళ్లు సైతము తడియవలెను. మండుటెండలో గంధకము చల్లినచో ఆకు మాడును.

పూలు విచ్చియుండగా మందు చల్లరాదు. ఈగలును తేనెటీగలును చచ్చినచో, పురుగులేని పూతయు కాయ కాజాలదు. తోటలో పొగపెట్టుటయు నట్టిదే. ఫిలిప్పైను దీవులలో మామిడికి పొగపెట్టుట పూత రప్పించుటకే గాని, వచ్చిన పూతను కాపాడుటకు గాదు.

5. సంఘము చేయదగిన పని

ఒక్కరు మందు చల్లి పొరుగువారు ఊరకున్నచో, పొరుగుతోట పురుగు నాలుగుదినములలో మరల వచ్చును. ఇది గట్టు తెలియని శత్రువు. కావున ఒక గ్రామమునందలి తోటలవారందరు పూతకు ముందే కూడి, చల్లు దినములను నిర్ణయించుకొని, సంఘముమూలమున మందు మొత్తముగా కొని, పిచికారి యంత్రమును వరుసగా వాడుకొనుట మేలు. ఖర్చు తగ్గును, ఫలము హెచ్చును. చిన్నరైతునకు ఒక యేటి పూత పోవుట యనగా బాకీ మరునాటికి మిగులుటయే. సభ్యులు కార్తికమాసము ముగియకముందే తమ చెట్లసంఖ్యను కార్యదర్శికి వ్రాయించవలెనని కోరుచున్నాము.