నీళ్ళు ఎటు పోతాయో ముందు అడగండి

సందేహాలు - సమాధానాలు

తిరువూరు, గంపలగూడెం మండలాల నుంచి ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం విజయవాడ గురించే. పని అక్కడ దొరికింది, ఉండటం ఎలా? కొండలూ కృష్ణా ఉన్న ఊరు, కొనుక్కుని స్థిరపడవచ్చా? పట్టణ ప్రణాళిక పనిలో చాలా ఏళ్ళు గడిపినవాడిగా నాకు తెలిసినంతలో ఐదు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో నెలకు 40 వేలు, గన్నవరం దగ్గర 32 వేలు ఇస్తామంటున్నారు. విజయవాడ మెట్రో కాదు, అక్కడ చేరితే ఎదుగూ బొదుగూ ఉండదని మా బంధువులు అంటున్నారు. ఎటు పంపాలి?
- ఒక తండ్రి, నెమలి

సమాధానం: ముందు మెట్రో సంగతి. 10 లక్షలు, ఆపైన జనాభా ఉన్న ప్రాంతాన్ని మహానగర ప్రాంతంగా గుర్తించవచ్చని రాజ్యాంగ 74వ సవరణ చెబుతోంది. 2011 లెక్కల్లో విజయవాడ, దాన్ని ఆనుకున్న ఊళ్ళు కలిపి 14.76 లక్షలు. హైదరాబాద్ అప్పటికే 77 లక్షలు దాటింది. కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యానికి నగరాలను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులు చేశారు. హైదరాబాద్ ఎక్స్, విజయవాడ వై. అంటే విజయవాడ చిన్నదే, కానీ మహానగరమే. చిన్నది కావడం తప్పేమీ కాదు, దానికి తగ్గ లాభనష్టాలు దానికి ఉన్నాయి.

ఆ 8 వేల తేడాను ఒక కాగితం మీద పెట్టండి. హాస్టల్ ఖర్చు, రోజూ ఆఫీసుకు వెళ్ళివచ్చే ఖర్చు, నెమలికి వచ్చిపోయే ఛార్జీలు రెండు వైపులా రాసి చూడండి. పక్కన ఇంకో గీత గీసి, రోజుకు ఎన్ని గంటలు దారిలో పోతాయో రాయండి. గన్నవరం విజయవాడకు 20 కిలోమీటర్ల దూరం. అమ్మాయి రామవరప్పాడు, ఎనికేపాడు వైపు ఉంటే బెంజి సర్కిల్ రద్దీ జోలికి పోకుండానే ఆఫీసుకు చేరుతుంది.

మీ బంధువుల మాటలో నిజం కూడా ఉంది. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ ఆఫీసు ఉంది, మేధా టవర్స్ అనే ఐటీ భవనం ఉంది. అలాంటివి హైదరాబాద్‌లో వీధికొకటి. చిన్న నగరంలో మొదటి ఉద్యోగం దొరకడం కాదు కష్టం, దాన్ని వదిలితే రెండోది దొరకడం కష్టం. అందుకని చేరేముందు అమ్మాయి మూడు విషయాలు అడగాలి. చేయబోయే పని ఏమిటి? ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? రెండేళ్ళ తర్వాత వేరే ఊరి ఆఫీసుకు బదిలీ అడిగితే ఇస్తారా? జవాబులు బాగుంటే గన్నవరంలోనే చేరమనండి. నేర్చుకునేది ఏమీ లేదని తేలితే హైదరాబాద్ పంపండి. మీ ఉత్తరంలో అమ్మాయి ఏమంటోందో ఎక్కడా లేదు. ఆ మాట ముందు కనుక్కోండి.

ప్రశ్న: విజయవాడలో ఒక గోడౌన్‌లో అకౌంట్లు రాసే పని దొరికింది. అద్దె మిగులుతుందని తిరువూరు నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేద్దామనుకుంటున్నాను. మంచిదేనా?
- ఒక యువకుడు, తిరువూరు

సమాధానం: వద్దు తమ్ముడూ. తిరువూరు నుంచి మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిలో రావాలి. 75 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఇంటి గడప నుంచి గోడౌన్ గడప దాకా లెక్కేస్తే ఒక్క వైపే రెండు గంటలు. రానూపోనూ నాలుగు. నెలకు 25 రోజులు తిరిగితే 100 గంటలు, అంటే రాత్రీ పగలూ కలిపి నాలుగు రోజులకు పైగా బస్సు సీట్లోనే. అద్దె మిగిలినట్టు కనిపిస్తుంది, నడుము పోతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి మానేయాలనిపిస్తుంది.

గోడౌన్ ఎటువైపు ఉందో మీరు రాయలేదు. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం వైపైతే అదృష్టమే, మీ ఊరి దారిలోనే ఉంది కాబట్టి నగరంలోకి దిగాల్సిన పనే లేదు. అక్కడే గది తీసుకోండి, శనివారం సాయంత్రం బస్సెక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. ఒక్క జాగ్రత్త. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం ఉంది. గది చూడటానికి పగటిపూట వెళ్ళి, డాబా ఎక్కి, పిట్టగోడ మీద అరచెయ్యి రాసి చూడండి. బూడిద అంటితే ఇంకో వీధి చూసుకోండి.

నెమలి, గంపలగూడెం వైపు వాళ్ళకు మధిర రైల్వే స్టేషన్ దగ్గర. అక్కడి నుంచి విజయవాడ 60 కిలోమీటర్ల లోపే. పని స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఉండి, బండి వేళలు కుదిరితే తప్ప వాళ్ళకూ రోజువారీ ప్రయాణం మంచిదనను.

ప్రశ్న: ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాను. ఆటోనగర్‌లో షెడ్డులో చేరమంటున్నారు, మొదట్లో జీతం తక్కువే. సాఫ్ట్‌వేర్ చదవని వాళ్ళకు నగరంలో బతుకు ఉంటుందా?
- గంపలగూడెం మండలం నుంచి

సమాధానం: ఉంటుంది బాబూ. ఆ నగరం నిలబడిందే మీలాంటి చేతుల మీద. సాఫ్ట్‌వేర్ ఆఫీసులు నిన్నగాక మొన్న వచ్చాయి. జవహర్ ఆటోనగర్ 1960ల నుంచి ఉంది. లారీ బాడీ కట్టడం, కమాన్ కట్టలు, లేత్ పని, టింకరింగ్, రేడియేటర్లు, సీట్లు, పెయింటు, దేని వీధి దానికి వేరుగా ఉంటుంది. కలకత్తా, మద్రాసు, హైదరాబాద్ రోడ్లు కలిసే చోట ఊరు ఉండటం వల్ల వచ్చిన పని అది. రోడ్డు ఉన్నంత కాలం లారీ ఉంటుంది, లారీ ఉన్నంత కాలం ఆ పని ఉంటుంది.

జీతం కంటే మేస్త్రీని చూసి చేరండి. ఇంజన్ విప్పేటప్పుడు పక్కన నిలబెట్టుకుని చెప్పేవాడు కావాలి. ఎప్పుడూ స్పానర్లు అందించడమే పనైతే ఏడాది వృథా. డీజిల్‌తో పాటు వైరింగ్, సెన్సార్ల పని నేర్చుకోండి, కొత్త బండ్లలో రోగం సగం అక్కడే ఉంటుంది. గది పటమట, కానూరు వైపు ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకోండి. వెల్డింగ్ దగ్గర కళ్ళద్దాలు, పెయింటు బూత్‌లో మాస్కు లేకుండా నిలబడవద్దు. ఇరవై రెండేళ్ళ వయసులో అది భయమనిపించదు, నలభై దాటాక ఊపిరితిత్తులు లెక్క అడుగుతాయి.

ప్రశ్న: మావారికీ నాకూ విజయవాడలోనే ఉద్యోగం. ఇల్లు కొందామని చూస్తున్నాం. ఒకటి కృష్ణ కనిపించే ఫ్లాటు, ఇంకొకటి కొండవాలులో చవకగా వస్తున్న స్థలం, మూడోది సింగ్‌నగర్ వైపు ఇండిపెండెంట్ ఇల్లు. ఏది కొనమంటారు?
- ఒక పాఠకురాలు, పుట్టిల్లు నెమలి

సమాధానం: అమ్మా, మీరు నెమలిలో పెరిగారు. మీ మండలంలో కట్టలేరు పొంగితే ఏ దారి తెగుతుందో, ఏ చేను మునుగుతుందో చిన్నప్పటి నుంచీ చూశారు. ఊళ్ళో ఎవరూ వాగు దారిలో ఇల్లు కట్టరు. అదే మనం నగరానికి వచ్చాక ఆ ప్రశ్న అడగడం మానేస్తాం. టైల్స్ చూస్తాం, లిఫ్ట్ చూస్తాం, బాల్కనీలోంచి ఏం కనిపిస్తుందో చూస్తాం. నీళ్ళు ఎటు పోతాయో చూడం.

మూడోదానితో మొదలుపెడతాను. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్, పరిసర కాలనీలు బుడమేరు వరదలో మునిగాయి. ఆ బుడమేరు ఎక్కడ పుట్టిందో తెలుసా? మీరు పుట్టింటికి వెళ్ళే దారిలో ఉన్న మైలవరం కొండల్లో. అక్కడ పడిన వాన వెలగలేరు దగ్గరికి వస్తుంది. అక్కడ రెగ్యులేటర్ కట్టి, నీటిని మళ్ళింపు కాలువలో ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపుతారు. అసలు వాగు మాత్రం విజయవాడ పక్కనుంచి కొల్లేరుకు పోవాలి. ఆ ఏడాది మళ్ళింపు కాలువకు గండ్లు పడ్డాయి, కిందనున్న వాగు దారి ఇళ్ళతో ఇరుకైపోయి ఉంది. నీళ్ళు తమ పాత దారి వెతుక్కున్నాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. బ్యారేజీ కట్టాక అంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. అలా నది నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్ళు అందులోకి దిగవు, వెనక్కి తంతాయి.

వరద తీశాక ఆ వీధుల్లో తిరిగాను. ఒక ఇంట్లో గోడకు ఛాతీ ఎత్తున సన్నని బురద గీత, పైన తెలుపు, కింద మట్టి రంగు. కొన్నాళ్ళకు వాళ్ళు రంగులు వేయించారు. మళ్ళీ వానాకాలం రాగానే అదే ఎత్తున చెమ్మ పొంగి, పెయింటు పొక్కులు లేచింది. మీరు ఇల్లు చూడబోయినప్పుడు ఆ పొక్కుల కోసం చూడండి. స్విచ్ బోర్డులు కొత్తగా పైకి మార్చారా చూడండి. తలుపుల అడుగు భాగం ఉబ్బిందా, బీరువా కాళ్ళు తుప్పు పట్టాయా చూడండి. తర్వాత వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్ళి, ఒక సబ్బో అగ్గిపెట్టో కొని, "2024లో ఇక్కడ నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయండీ?" అని అడగండి. అమ్మేవాళ్ళు దాచే మాట ఆయన దాచడు.

కొండవాలు స్థలం అసలు వద్దు. అదే వానకు, ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. రాయి కింద మట్టి వానకు మెత్తబడితే రాయి జారుతుంది. పైన ఎవరో మెట్లకూ ఇంటికీ కొండ తొలిస్తే ఇంకా తొందరగా జారుతుంది. చవకగా వస్తోందంటే చాలాసార్లు అది కొండ పోరంబోకై ఉంటుంది. పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన రాయి ఆగదు.

ఇక నది కనిపించే ఫ్లాటు. 2024లో అంత వరద వచ్చినా నది ఒడ్డున ఉన్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ చాలావరకు కాపాడింది. అంతకుముందు ప్రతి పెద్ద వరదకూ ఆ వాడ మునిగేది. కాబట్టి నది పక్కన అన్నీ ఒకటే కాదు. గోడకు లోపలా బయటా? కరకట్టకు ఇవతలా అవతలా? ఫ్లాటు ఐదో అంతస్తులో ఉన్నా మీటర్లు, జనరేటర్, మంచినీళ్ళ సంపు చాలాచోట్ల కింద సెల్లార్‌లోనే ఉంటాయి. సెల్లార్ మునిగితే ఐదో అంతస్తులోనూ నీళ్ళుండవు, కరెంటుండదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈసీ, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లకు మించో కొత్తగా కట్టేవాటికి రెరా నమోదు తప్పనిసరి. గ్రామ నక్షాలో వాగు గీత మీ సర్వే నంబరు మీదుగా పోతోందా అని సర్వేయరును తప్పక అడగండి. మూడింటిలో ఒకటి చెప్పమంటే, గోడకు లోపలి వైపు ఉండి, సెల్లార్ మునగలేదని పక్కవాళ్ళు చెబితే ఫ్లాటు తీసుకోండి. లేదా ఇంకో ఏడాది అద్దెకుండి, ఒక వానాకాలం మీ కళ్ళతో చూసి కొనండి. అద్దె డబ్బు వృథా అనుకోకండి, అది ఊరిని తెలుసుకోవడానికి కట్టే ఫీజు.

ప్రశ్న: పిల్లలు విజయవాడ వచ్చి తమతోనే ఉండమంటున్నారు. ఒకసారి వేసవిలో వెళ్ళి నెలరోజులుండి వచ్చాను. నాలుగో అంతస్తు, ఉక్క, పలకరించే దిక్కు లేదు. రానంటే బాధపడతారు, వెళితే నేను బతకలేను. ఏం చేయను బాబూ?
- ఒక తల్లి, నెమలి

సమాధానం: అమ్మా, మీరు వెళ్ళింది ఆ ఊళ్ళో ఉండకూడని నెలలో. విజయవాడ చుట్టూ బండరాయి కొండలు. పగలంతా ఎండను పీల్చుకున్న రాయి రాత్రి దాకా సెగ వదులుతుంది. మేలో అక్కడ పుట్టి పెరిగినవాళ్ళే అల్లాడుతారు. పిల్లలతో ఇలా చెప్పండి: కార్తీకం నుంచి శివరాత్రి దాకా వస్తాను, ఎండలు ముదరక ముందే నెమలి వచ్చేస్తాను. కృష్ణ గట్టున చల్లగాలి, ఘాట్‌లో కార్తీక దీపాలు, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు, అన్నీ ఆ నెలల్లోనే బాగుంటాయి. వాళ్ళు ఇల్లు మారేటప్పుడు కింది అంతస్తుకో మొదటి అంతస్తుకో మారమనండి, పక్కనే గుడో పార్కో ఉండేలా చూడమనండి. తల్లి నడవగలిగే దూరంలో నలుగురు కూర్చునే చోటు లేకపోతే ఎంత మంచి ఇల్లయినా ఆమెకు గదే.

నగరంలో పలకరింపు లేదన్నారు. నిజమే. కానీ పైన ఇల్లు కొనడం గురించి రాసిన అమ్మాయికి నేను చెప్పిన పని మీకంటే బాగా చేయగలవాళ్ళు లేరు. మీ పిల్లలు ఏదైనా ఇల్లు చూస్తుంటే, వద్దనకుండా వాళ్ళతో వెళ్ళండి. అక్కడ వాకిట్లో కూర్చున్న పెద్దావిడ ఎవరైనా కనిపిస్తే పక్కన కూర్చుని మాట కలపండి. ఏ ఊరు, ఎన్నాళ్ళయింది, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి అని అడగండి. ఇంజినీరు రిపోర్టులో లేని సంగతి ఆవిడ చెబుతుంది. మీకు ఆ వీధిలో ఒక తెలిసిన మనిషీ దొరుకుతుంది. తర్వాత ఎండలు రాగానే మీ ఊరి వేణుగోపాలస్వామి దగ్గరికి తిరిగి వచ్చేయండి. అక్కడ ఒక ఇల్లు, ఇక్కడ ఒక ఇల్లు ఉండటం బరువు కాదమ్మా. వచ్చిపోయే దారి తెరిచి ఉంటే మీ పిల్లలకు నెమలి పుట్టిన ఊరుగానే మిగిలిపోదు, సొంత ఊరుగానే ఉంటుంది.