ఇనుప బాట

ఆళ్లగడ్డ మీదుగా అహోబిలము చేరి, ఎగువ సన్నిధి నుండి జ్వాలా నరసింహుని దర్శనమునకు పోవు యాత్రికులకు కొండ అంచున ఇనుప కమ్మీలే ఆసరా. చేయి పట్టియున్నంతసేపే ఆ ఆసరా. చేయి జారినచో కమ్మీ మనిషిని ఆపజాలదు.

ఈ లోటు తీర్చిన కొండదారులు ఐరోపాలో కలవు. ఇటలీవారు వానిని ‘వియా ఫెర్రాటా’ అందురు; అనగా ఇనుప బాట. 1843లో ఫ్రెడరిక్ సిమొనీ ఆస్ట్రియాలోని డాక్‌స్టైన్ శిఖరమునకు ఇనుప ఊతలు అమర్పించెను. మొదటి ప్రపంచ యుద్ధమున, 1915 నుండి, ఇటలీ ఆస్ట్రియా సేనలు డోలమైట్ పర్వతములపై నిచ్చెనలు, తాళ్లు బిగించినవి. వానిలో కొన్ని దారులు నేడు విహారయాత్రికులవి. యుద్ధము కొండలకు చేసిన మేలు ఇదియొక్కటే కాబోలు!

ఉక్కుతాడును కొన్ని గజముల కొకచోట మేకులతో రాతికి బిగింతురు. ఎక్కువాని నడికట్టు నుండి రెండు పొట్టి పట్టీలు, వాని చివర రెండు కొక్కెములు వ్రేలాడును. మేకు వద్ద మొదటి కొక్కెమును విప్పి, అవతలి తాడునకు తగిలించిన పిదపనే రెండవదానిని విప్పవలెను. రెండును ఒక్కసారి విప్పిన క్షణమున అతనికి తాడు ఉండియు లేనట్లే.

పడినచో కొక్కెము క్రింది మేకు వరకు జారును. పట్టీ పొట్టిదైనను పడు దూరము ఎక్కువ. ఆ కుదుపును శరీరము ఓర్వలేదు. కావున మడచి కుట్టిన పట్టీ నొకదానిని నడుమ చేర్చుదురు. కుట్లు వరుసగా తెగుచు పాటు వేగమును హరించును. మామూలు తాడుముక్కతో ఈ పని జరుగదు. ఉరుముల వేళ ఇనుపతాడు చెంత నిలువరాదు.

ఉగ్రస్తంభమునకు ఇట్టి బాట లేదు. అది పుణ్యక్షేత్రము, అడవి; అచ్చట రాతికి మేకులు కొట్టవలెనని నేననను. అచ్చటికి పోవు విద్యార్థులు దారి ఎరిగిన స్థానికుని వెంటబెట్టుకొని, రాయి ఆరిన దినములలోనే బయలుదేరుదురు గాక.