నంబర్ల పెట్టె తెరుచుకోకపోతే?



భద్రాచలం పక్కన, గోదారి ఒడ్డున ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్లో ఒక పొదుపు సంఘం ఉంది. డబ్బు దాచడానికి సంఘం వాళ్లు ఇనప పెట్టె కొన్నారు. దానికి తాళంకప్ప లేదు. తలుపు మీద అంకెల మీటలున్నాయి. సరైన నంబరు నొక్కితే పెట్టె తెరుచుకుంటుంది.

రేపు బ్యాంకులో కిస్తీ కట్టాలి. ఈ రోజు పెట్టె తెరుచుకోలేదు.

"అయ్యో! ఇప్పుడెట్లా అక్కా?" అంది చెల్లెలు.

"గడ్డపార తెండి. పగలగొడదాం" అంది పెద్దమ్మ.

"ఆగు పెద్దమ్మా! పగలగొడితే పెట్టె దండగవుతుంది. ముందు కారణం చూద్దాం" అంది లీడరక్క.

కారణం ఏమిటి?

ఈ పెట్టె టార్చిలైటు లాగా బ్యాటరీలతో పనిచేస్తుంది. బ్యాటరీ అయిపోతే లోపలి గడియ కదలదు. చాలా పెట్టెల్లో బ్యాటరీ అయిపోయినా నంబరు చెరిగిపోదు. కాబట్టి భయపడొద్దు.

రెండో కారణం తేమ. తేమకు మీటల లోపల తుప్పు పడుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75 అడుగులు దాటింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. వరద వచ్చే ఊళ్లలో పెట్టెను ఎత్తుగా పెట్టుకోవాలి.

ఏం చేయాలి?

1. తప్పు నంబరు పదే పదే నొక్కొద్దు. అట్లా నొక్కితే పెట్టె కొన్ని నిమిషాలు పనిచేయదు. ఆగి మళ్లీ నొక్కాలి.

2. చాలా పెట్టెలకు విడిగా తాళంచెవి ఇస్తారు. చిన్న మూత కింద దాని రంధ్రం ఉంటుంది. ఆ చెవితో తెరవాలి. చెవిని పెట్టెలోనే దాచకూడదు!

3. డబ్బు బయటికి తీయాలి. ముగ్గురు సభ్యులు కలిసి లెక్కపెట్టి రిజిస్టరులో రాయాలి.

4. బ్యాటరీలన్నీ ఒకేసారి మార్చాలి. పాతవి, కొత్తవి కలపొద్దు. ప్లస్, మైనస్ గుర్తులు చూసి వేయాలి.

5. అప్పటికీ మీటలు పనిచేయకపోతే మీటల పలక మార్చాలి. అదే కంపెనీది, అదే మోడలుది తేవాలి. గ్యారంటీ ఉంటే కంపెనీ మెకానిక్‌ను పిలవాలి. అతనికి మన నంబరు చెప్పకూడదు.

6. పలక మార్చాక తలుపు తెరిచే ఉంచాలి. మూడుసార్లు నంబరు నొక్కి చూడాలి. గడియ లోపలికి, బయటికి బాగా కదిలితేనే తలుపు వేయాలి. లేదంటే మళ్లీ మొదటికొస్తుంది.

లీడరక్క అట్లాగే చేసింది. బ్యాటరీలు మార్చినా 7 మీట పనిచేయలేదు. పలక మార్పించారు. పెట్టె బాగయింది. కిస్తీ తప్పలేదు.

ఇదివరకు ఆ నంబరు లీడరక్క కొడుకు నొక్కేవాడు. లీడరక్కకు అంకెలు రావు కదా! ఇప్పుడు వచ్చాయి. ఆ రోజే ఆమె కొత్త నంబరు పెట్టింది. 1234 పెట్టలేదు. గోడ మీద రాయలేదు. సంఘంలో ఇద్దరికే చెప్పింది.

"మన డబ్బు. మన నంబరు. మనమే నొక్కుదాం" అంది పెద్దమ్మ.

చదవండి, రాయండి:
పెట్టె, మీట, గడియ, తేమ, తుప్పు, కిస్తీ.

చెప్పండి:
1. పెట్టెను గడ్డపారతో ఎందుకు పగలగొట్టకూడదు?
2. తాళంచెవిని పెట్టెలో పెడితే ఏమవుతుంది?
3. మీ సంఘం డబ్బు ఎక్కడ ఉంది? లెక్క ఎవరు రాస్తున్నారు?