బీఏ చదివితే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఇంజినీరింగ్ వద్దు, బీఏ చదువుతానంటోంది. బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ధైర్యంగా చదివించండమ్మా. చరిత్ర, సాహిత్యం, రాజనీతిశాస్త్రం శ్రద్ధగా చదివితే లోతుగా ఆలోచించడం, ఎదుటి వాదనను తూచడం, స్పష్టంగా రాయడం అలవడతాయి. ఏ వృత్తిలోనైనా నిలబెట్టేవి ఇవే. ఏ డిగ్రీతోనైనా సివిల్స్ రాయవచ్చు. మెయిన్స్‌లో తెలుగు సాహిత్యాన్నే ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. మూడేళ్ల లా, బీఈడీ, జర్నలిజం దారులూ ఉన్నాయి. సాహిత్య బోధన మీ ఊరికి కొత్తేమీ కాదు; 1970 జ్ఞానపీఠ గ్రహీత విశ్వనాథ సత్యనారాయణ పాఠాలు చెప్పింది మీ ఊరి ఎస్సారార్ కళాశాలలోనే.

అయితే పట్టా ఒక్కటే చాలదు. ఇంగ్లిష్, కంప్యూటర్, కొంత గణాంకశాస్త్రం కూడా నేర్చుకోమనండి. చేర్చేముందు కళాశాలకు వెళ్లి అధ్యాపకులతో మాట్లాడండి, గ్రంథాలయం చూడండి. ఇష్టంలేని చదువులో నాలుగేళ్లు మాత్రం కూర్చోబెట్టకండి.